ఆరోగ్య విజ్ఞాన పట్టం: ఆదాయ వ్యయాలు

ఉగాదినాడు మా ఇంటి ప్రక్కనున్న శాస్త్రిగారి అరుగుమీద పంచాంగ శ్రవణం జరిగేది. చిన్నతనంలో నేనూ ఆ అరుగుమీద కూర్చుని విన్నవాణ్ణే. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని ఆయన చదువుతూంటే పెద్దలందరూ చెవులు నిక్కించి వినేవారు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వచ్చినవారి ముఖం చిన్నబోయేది. కొంతసేపటికి దానిని మరచి ఎవరి పనికి వారు వెళ్ళిపోయేవారు. విని మరచిపోదగిన విషయంలో అంత శ్రద్ధ చూపే మనం, ఇంట్లో పిల్లను నాలుగేళ్ళ చదువుకు పంపేటప్పుడు మాత్రం ఆ రెండు గడులనూ నింపుకొని చూడము. చూసేది ఒక్క ఫీజు. అది మొదటి సంవత్సరపు ఫీజు మాత్రమే.

ఇంటర్మీడియేట్ ఫలితాలు వచ్చిన వారంలో ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా అధ్యాపకుల గదికి వచ్చాడు. బజారులో దర్జీ పని చేసుకొనే మనిషి. పిల్ల బైపీసీ మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైంది. "సార్, డాక్టరు చదువు మా వల్ల కాదు. ఇంకేదైనా ఆసుపత్రి చదువు చదివిద్దామని ఉంది. ఎంత పెట్టాలి, ఎంత వస్తుంది? మా అంగడి లెక్కలాగా చెప్పండి" అన్నాడు. పిల్ల చేతిలో ఒక నోటు పుస్తకం ఉన్నది.

నేను తెలుగు అధ్యాపకుణ్ణి. గురులఘువులను లెక్కించడం తప్ప వేరే గణితంతో నాకు పరిచయం తక్కువ. అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు మరొక విధంగా కలిగింది. నా చెల్లెలు ఆరోగ్య శాస్త్రాలలోనే పట్టభద్రురాలు. ఆమె చదువుకు మా ఇంట్లో వేసిన లెక్క తప్పింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆరోగ్య విజ్ఞాన పట్టమంటే ఒక్కటి కాదు. నర్సింగ్ బి.యస్సీ., బి.ఫార్మసీ, ఫిజియోథెరపీ, ప్రయోగశాల సాంకేతికత, రేడియాలజీ, శస్త్రచికిత్సాగార సాంకేతికత, ఇలా అనేక శాఖలు ఉన్నవి. మన కళాశాల నుండి వెళ్ళే బాలికలలో ఎక్కువమంది నర్సింగును కోరుతున్నారు కనుక దానినే ప్రధానంగా తీసుకొంటాను.

మన దేశంలో నర్సింగుకు డిగ్రీ చదువు 1946లో ఢిల్లీలోనూ, వెల్లూరులోనూ ప్రారంభమైంది. మరుసటి ఏడే, అంటే 1947లో, భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. కాని డిగ్రీ వచ్చినందువల్ల డిప్లొమా పోలేదు. నేటికీ రెండు బాటలున్నవి. జి.యన్.యం. అనే డిప్లొమా మూడు సంవత్సరాలు. బి.యస్సీ. నాలుగు సంవత్సరాలు, 2021 నిబంధనల తరువాత ఎనిమిది సెమిస్టర్లు. రెండు చదువులవారూ ఒకే వార్డులో, ఒకే తెల్లని దుస్తులలో, ఒకే రోగికి సూది మందు ఇస్తారు. తల్లిదండ్రులకు ఎవరూ చెప్పని విషయం ఇక్కడే ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగంలో ఇద్దరికీ జీతం కూడా ఒక్కటే.

తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు, 2024 సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసరు పోస్టులకు ప్రకటనలు ఇచ్చింది. రెండింటిలోనూ వేతన శ్రేణి 36,750 నుండి 1,06,990 రూపాయలు. జి.యన్.యం. అయినా, బి.యస్సీ. అయినా అర్హులే. డిగ్రీ ఉన్నందుకు ఒక రూపాయి ఎక్కువ లేదు. 2024లోనే వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ ప్రకటనలో శ్రేణి 32,810తోనూ, ఫార్మసిస్టు ప్రకటనలో 31,040తోనూ మొదలైంది. అక్కడా అదే న్యాయం: డిప్లొమావారు, డిగ్రీవారు ఒకే వరుసలో నిలబడి ఒకే పరీక్ష వ్రాయవలసిందే.

ఈ మాట చెప్పగానే దర్జీ తండ్రి, "అయితే ఒక సంవత్సరం ఎక్కువ ఎందుకు చదవడం సార్?" అన్నాడు. సరియైన ప్రశ్న. జవాబు కోసం పిల్ల నోటు పుస్తకం తీసుకొని రెండు గడులు గీశాను.

ముందుగా వ్యయం. కళాశాలవారు చెప్పే ట్యూషన్ ఫీజు ఇందులో ఒక పాలు మాత్రమే. వసతిగృహం, భోజనం, యూనిఫారం, బూట్లు, పుస్తకాలు, రికార్డులు, విశ్వవిద్యాలయపు పరీక్షా రుసుం, ఆసుపత్రికి తీసుకొనిపోయే బస్సు, చివర నర్సింగ్ మండలిలో పేరు నమోదు, ఇవన్నీ వేరు. ఊరికీ ఊరికీ, కోటాకూ కోటాకూ ఈ అంకెలు మారతాయి కనుక కేవలం ఉదాహరణకు కొన్ని సంఖ్యలు అనుకొందాం. డిప్లొమాకు సంవత్సరానికి అన్నీ కలిపి 90,000, మూడేళ్ళకు 2,70,000. ప్రైవేటు కళాశాలలో డిగ్రీకి సంవత్సరానికి 1,20,000, నాలుగేళ్ళకు 4,80,000. తేడా 2,10,000 రూపాయలు.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కాని డిప్లొమా చదివిన అమ్మాయి నాలుగవ ఏడు ఇంట్లో కూర్చోదు. ఉద్యోగంలో చేరి జీతం తెచ్చుకొంటుంది. ఆ ఏడు డిగ్రీ అమ్మాయి వదులుకొన్న జీతం కూడా ఆమె చదువుకయిన ఖర్చే. నెలకు 15,000 అనుకొంటే 1,80,000. ఇప్పుడు అసలు తేడా 3,90,000 అయింది. మనిషి చేతి నుండి పైసా కదలకపోయినా పోయిన ఈ సొమ్మును మన ఇళ్ళలో ఎవరూ ఖర్చుగా గుర్తించరు. దర్జీ మాత్రం వెంటనే గ్రహించాడు. "పండుగ ముందు మిషను చెడిపోయి నాలుగు రోజులు పనిచేయకపోతే, మిషను బాగుచేసిన కూలి కాదు సార్, పోయిన బేరమే నష్టం" అన్నాడు. ఇంత చక్కని ఉపమానం నాకు తట్టలేదు.

ఇక ఆదాయం. పట్టణాలలోని ప్రైవేటు ఆసుపత్రులలో చేరిన మా పూర్వ విద్యార్థినులు చెప్పగా విన్నదేమంటే, పద్నాలుగు, పదిహేను వేలతో మొదలుపెట్టినవారే ఎక్కువ. డిగ్రీ ఉన్నవారికి రెండు మూడు వేలు హెచ్చు. ఆ హెచ్చు 3,000 అనుకొన్నా సంవత్సరానికి 36,000. తేడాగా వచ్చిన 3,90,000 తిరిగి చేతికి రావడానికి పదేళ్ళ పది నెలలు పడుతుంది. ఇరవై రెండేళ్ళకు ఉద్యోగంలో చేరిన పిల్లకు అప్పటికి ముప్పై మూడు నిండవస్తాయి. చిన్న ఆసుపత్రిలో నర్సుగానే ఉండిపోదలచినవారికి డిగ్రీ కంటె డిప్లొమాయే లాభమని ఈ లెక్క చెబుతుంది. కళాశాలల ప్రకటన పత్రాలలో ఈ మాట ఉండదు.

ఈ జీతాల విషయం అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2016లో ఆ న్యాయస్థానపు ఆదేశంపై ఏర్పడిన సంఘం, ఇన్నూరు పడకలకు మించిన ప్రైవేటు ఆసుపత్రులలో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానంగా వేతనం ఉండాలని, వంద నుండి ఇన్నూరు వరకు ఉన్నచోట పదిశాతానికి మించి తగ్గరాదని, ఏబదికి తక్కువ పడకలున్నచోట కూడా నెలకు 20,000కు తగ్గరాదని సిఫారసు చేసింది. దానిని చట్టంగా చేయవలసినవి రాష్ట్రాలు. కేరళలో నర్సులు ఏళ్ళ తరబడి పోరాడగా 2018లో 20,000 కనీస వేతనంగా ప్రకటింపబడింది. మనవైపు మాత్రం ఆ సిఫారసును కాగితంమీద చూసినవారే తక్కువ. కాబట్టి మనం లెక్కలో వ్రాసుకోవలసినది సిఫారసు చేసిన జీతం కాదు, చేతికి వచ్చే జీతం.

అయితే డిగ్రీ దండుగేనా? కాదు. అది ఏ తలుపులు తెరుస్తుందో చూడాలి. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలలో నర్సింగ్ ఆఫీసరు ఉద్యోగం ఏడవ వేతన సంఘపు ఏడవ స్థాయిలో ఉన్నది; మూల వేతనం 44,900తో ప్రారంభం. ఆ పరీక్షకు బి.యస్సీ. చదివినవారు నేరుగా కూర్చోవచ్చు. డిప్లొమావారికి ఏబది పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం కావాలి. ఆ ఉద్యోగం వస్తే మనం వేసుకొన్న 3,90,000 తేడా పదమూడు నెలలలో తీరిపోతుంది. దేశమంతటి నుండి వేలాదిమంది వ్రాసే పరీక్ష అది. వస్తుందని ముందే ఇంటి పునాది త్రవ్వకూడదు. రెండవ తలుపు పై చదువు. ఎం.యస్సీ. నర్సింగుకూ, ఆపైన బోధనోద్యోగానికీ డిగ్రీ మెట్టు తప్పదు. డిప్లొమావారు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.యస్సీ. చదివి అదే మెట్టు ఎక్కవచ్చు. మధ్యలో కొంతకాలం సంపాదించుకొని మరీ ఎక్కవచ్చు. బీద కుటుంబాలకు ఇది మంచి బాట అని నా అభిప్రాయం. కాని పెండ్లి, పిల్లలు అయిన తరువాత మళ్ళీ చదువుకు పంపే ఇళ్ళు ఎన్ని ఉన్నవో ఈ సంచిక చదివే పెద్దలకే తెలుసు.

మూడవ తలుపు పరదేశం. గల్ఫు అనగానే మనవారికి కన్నులు మెరుస్తాయి. అక్కడ లైసెన్సు పరీక్ష ఉంటుంది, పట్టాల సరిచూపు ఉంటుంది, సాధారణంగా రెండేళ్ళ ఆసుపత్రి అనుభవం అడుగుతారు. జర్మనీకి పోవాలంటే ఆ భాష నేర్చుకోవాలి. కాబట్టి పరదేశపు జీతాన్ని చదువు ముగిసిన మరునాటి ఆదాయంగా వ్రాసుకోరాదు. రెండు మూడేళ్ళ తరువాత వ్రాసుకోవాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు నర్సులను విదేశాలకు పంపుతున్నవి. ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలకు మించి తీసుకోరాదని భారత ప్రభుత్వ నిబంధన. లక్షలు అడిగేవాడు ఎంత దగ్గరి బంధువైనా ఆ గుమ్మం దిగి రావడమే క్షేమం.

ఇక నా చెల్లెలి సంగతి. ఆమె ప్రయోగశాల సాంకేతికతలో బి.యస్సీ. చదివింది. బోధన రుసుము ప్రభుత్వమే చెల్లిస్తుందన్న ధైర్యంతో చేర్చాము. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం వల్ల మన సముదాయంలో ఎన్ని ఇళ్ళలో దీపం వెలిగిందో నేనెరుగుదును. దానిని నిందించడం నా ఉద్దేశం కాదు. కాని ఆ సొమ్ము కళాశాలకు ఏళ్ళ తరబడి బకాయి పడింది. చదువు ముగిసి, ఒక రోగనిర్ధారణ కేంద్రంలో ఉద్యోగం ఖాయమై, అసలు పట్టాలు తెమ్మన్నప్పుడు, బకాయి 58,000 మీరే కట్టి తీసుకొనిపొమ్మన్నారు కళాశాలవారు. నాన్న నాలుగుసార్లు తిరిగాడు. ఆ కేంద్రంవారు మూడు వారాలు చూసి మరొకరిని తీసుకొన్నారు. చివరకు అమ్మ గాజులు అమ్మి పట్టాలు తెచ్చాము. ఆమెకు మళ్ళీ ఉద్యోగం దొరకడానికి తొమ్మిది నెలలు పట్టింది. ప్రభుత్వపు సొమ్ము ఆ తరువాత కళాశాలకు చేరిందో లేదో, చేరితే మాకు తిరిగి ఇవ్వవలసిందో కాదో అడిగే ఓపిక మాలో ఎవరికీ మిగలలేదు.

విద్యార్థుల అసలు పట్టాలను కళాశాలలు తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో స్పష్టంగా ప్రకటించింది. ఆ కాగితం ఒకటి ఇంట్లో ఉంచుకొనడం మంచిది. దానితోపాటు, రీయింబర్స్‌మెంటు వస్తుందన్నచోట కూడా ఒక సంవత్సరపు ఫీజంత సొమ్ము విడిగా దాచుకొనడం ఇంకా మంచిది.

అప్పు చేసి చదివించేవారికి మరొక లెక్క. నాలుగు లక్షల వరకు హామీ ఆస్తి లేకుండా బ్యాంకులు విద్యాఋణం ఇస్తున్నవి. చదువుకాలం, ఆపైన ఒక ఏడు, వాయిదా కట్టనక్కరలేదు. కట్టనక్కరలేదంటే వడ్డీ పెరగదని కాదు. ఏటా ఒక లక్ష చొప్పున నాలుగు లక్షలు తీసుకొన్నామనుకొందాం. వడ్డీ నూటికి సాలీనా పది. మొదటి లక్షకు అయిదేళ్ళ వడ్డీ 50,000, రెండవదానికి 40,000, ఆపై 30,000, 20,000. వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు 5,40,000 అవుతుంది. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు. జీతం 15,000 అయితే దాదాపు సగం బ్యాంకుకే పోతుంది. మిగిలిన సగంతో నగరంలో గది అద్దె, భోజనం. అల్పాదాయ కుటుంబాలకు ఈ విరామకాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వం భరించే పథకమున్నది. అప్పు తీసుకొనే రోజుననే దానిని గూర్చి బ్యాంకులో అడగాలి.

వడ్డీ మనకు నిషిద్ధమని కొందరు తండ్రులు బ్యాంకు గడప త్రొక్కరు. వారి నిష్ఠకు నా సలాము. కాని వారిలోనే కొందరు పెద్ద కష్టం వచ్చినప్పుడు పిల్ల తల్లి మెడలోని గొలుసును సేటు కొట్టులో నెలకు నూటికి మూడు చొప్పున కుదువబెట్టడం నేను కన్నులారా చూశాను. ఈ సందర్భంలో మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. జకాతు, చందాల నుండి స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు, సంతోషం. దానికి తోడుగా, పట్టాలు విడిపించుకొనేందుకూ, మొదటి నెల జీతం వచ్చేదాకా నగరంలో నిలబడేందుకూ ఒక చిన్న కర్జె హసనా నిధి ఏర్పరచితే, 58,000 కోసం తొమ్మిది నెలలు పోగొట్టుకొనే పిల్ల మన సముదాయంలో ఉండదు.

ఫార్మసీని గూర్చి రెండు మాటలు. మందుల దుకాణం పెట్టదలచినవానికి 1948 ఫార్మసీ చట్టం క్రింద నమోదు కావడానికి కావలసిన కనీస చదువు రెండేళ్ళ డి.ఫార్మసీయే, నాలుగేళ్ళ బి.ఫార్మసీ చదివినందువల్ల దుకాణంలో గిరాకీ పెరగదు. జీడిమెట్ల, పాశమైలారం, విశాఖ దగ్గరి పరవాడ పరిశ్రమలలో పనిచేయాలన్నా, ఎం.ఫార్మసీకి పోవాలన్నా డిగ్రీ విలువ తెలుస్తుంది. తక్కిన సాంకేతిక శాఖలకు 2021 వరకు జాతీయ చట్టమే లేదు. ఆ ఏడు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. అందువల్ల ఈ శాఖలలో చేరేవారు ఆ కోర్సుకు విశ్వవిద్యాలయపు గుర్తింపు ఉన్నదా లేదా అని విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం దగ్గరో, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం దగ్గరో విచారించనిదే డబ్బు కట్టరాదు.

లెక్క ముగిసిన తరువాత పిల్ల మొదటిసారి నోరు విప్పింది. "సార్, మాకు రెండు కాలేజీలవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. రెండూ గుర్తింపు ఉన్నవే అంటున్నారు. ఏది మంచిదో ఎట్లా తెలుస్తుంది?"

నర్సింగ్ కళాశాలకు వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలన్నది నర్సింగ్ మండలి నియమం. రోగి లేనిచోట నర్సు తయారు కాదు. నాడి చూడని చేతికి పట్టా ఇచ్చినా, ఏ పెద్ద ఆసుపత్రివారు పరీక్షించినా మొదటిరోజే తెలిసిపోతుంది. జీతం అక్కడే తెగుతుంది. ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలను మన ఆడపిల్లలు ముందు వరుసలో కోరుకోవలసింది అందుకే. అక్కడ ఫీజు స్వల్పం, నెలనెలా స్టైపెండు ఉన్నది, తెలంగాణలో దానిని 2021లో పెంచారు కూడా. అన్నిటికంటె మిన్నగా, వార్డులలో రోగులు నిండుగా ఉంటారు. 2007 చట్టం ప్రకారం మన సముదాయంలోని వెనుకబడిన వర్గాలకు వచ్చిన నాలుగుశాతం బి.సి. 'ఇ' రిజర్వేషను ఆ సీట్లకు వర్తిస్తుంది. ధ్రువపత్రం చేతిలో లేక సీటు పోగొట్టుకొన్నవారిని నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. కాబట్టి, "ఫోను చేసినవాళ్ళ కాలేజీ చూడవద్దమ్మా, వాళ్ళ ఆసుపత్రి చూడు. చెప్పకుండా వెళ్ళు. సాయంత్రం పూట వెళ్ళు" అన్నాను.

వారం తరువాత తండ్రీ కూతుళ్ళు మళ్ళీ వచ్చారు. నోటు పుస్తకంలో కొత్త పుట ఉన్నది. మొదటి ఆసుపత్రి: బోర్డుమీద 100 పడకలు, పిల్ల లెక్కపెట్టినవి 46, రోగులున్నవి 11. రెండవ ఆసుపత్రి: పడకలు 120, రోగులు 90కి పైన, నర్సు అక్కలు కూర్చోవడానికి తీరిక లేక అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. మొదటి కళాశాల ఫీజు ఏడాదికి పదివేలు తక్కువ. ఆ పదివేలను పిల్ల ఎర్ర సిరాతో కొట్టివేసింది. క్రింద వేరే వ్రాత ఉన్నది, తండ్రిది, ఉర్దూలో: ప్రభుత్వ కౌన్సెలింగు తేదీ, బి.సి. 'ఇ' సర్టిఫికెట్టు, ఆదాయ ధ్రువపత్రం, మీసేవ.

"ముందు సర్కారు సీటుకు నిలబడతాం సార్. డిగ్రీ అయినా సరే, డిప్లొమా అయినా సరే. అది రాకుంటే ఈ రెండోది" అని తండ్రి లేచాడు. సీటు వచ్చిందో లేదో ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేనాటికి తెలియలేదు. కౌన్సెలింగు ఇంకా రెండు విడతలున్నది.